చేతినిండా పనే, సొంత పుస్తకం మాత్రం కదలడం లేదు

ప్రశ్న
రేనాటి పంతులమ్మ, కడప

అందరికీ నమస్కారం. నేను కడప జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. రాయలసీమ చెరువుల గురించి ఒక పుస్తకం రాయాలన్నది ఉద్యోగంలో చేరిన తొలినాళ్ల నుంచీ నా కోరిక. ఏ చెరువును ఎవరు కట్టించారు, తూము తెరిచే బాధ్యత ఏ ఇంటివారిది, చెరువు బాగోగులు చూసినందుకు ఇచ్చే దశబంధం ఇనాము భూములు పొందిన కుటుంబాలు కట్ట మరమ్మతు ఎలా చూసుకునేవి, చెరువు నిండి అదనపు నీరు పోయే మరవ పారిన ఏడాది ఊరు గంగమ్మకు ఏం చేసేది, నీళ్లు చాలని ఏడాది రైతులు వంతులు ఎలా తేల్చుకునేవారు అన్న సంగతులు చెప్పగలిగిన పెద్దలు ఊరూరా తగ్గిపోతున్నారు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిందని చెప్పుకునే ముసలమ్మ కథ అనంతపురం వైపు పిల్లలకు కూడా తెలుసు. అటువంటి కథ ఏదీ పుట్టని చిన్న చెరువుల గురించి రాసిపెట్టినవారే లేరు.

ఈ పనికి అడ్డుపడుతున్నది ఏమిటని ఆలోచిస్తే, ఇదీ అని వేలెత్తి చూపించదగిన పెద్ద కారణమేదీ నాకు కనిపించడం లేదు. బడిలో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడం ఎలాగూ తప్పవు. వాటి తర్వాత మిగిలే సమయం మరీ తక్కువేమీ కాదు గానీ, ఆ సమయంలోకి వేరే పనులు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. కాలనీ సంఘం జమాఖర్చులు నేనే రాస్తాను. తోటి ఉపాధ్యాయుల దరఖాస్తులు, పదవీ విరమణ సభల్లో చదివే సన్మాన పత్రాలు నా దగ్గరికే వస్తాయి. బంధువుల ఇంట పెళ్లి కుదిరితే శుభలేఖలో అక్షరదోషాలు దిద్దడం మొదలుకొని పెట్టుపోతల చీరల జాబితా దాకా నా మీదే పడుతుంది. వీటిలో చెడ్డ పని ఏదీ లేదు, ఇష్టం లేకుండా చేసేదీ లేదు. అయినా దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు ఇలాంటి పనులతోనే నిండిపోతాయి.

వీటికన్నా ఎక్కువగా నన్ను ఆలోచింపజేస్తున్నది మరొకటి ఉంది. ఎవరి పనీ లేని ఆదివారం ఉదయం పుస్తకం కోసమే కూర్చున్నప్పుడు కూడా నేను రాయను. ఫోనులోని చెరువుల ఫోటోలను ఊరి పేర్ల ప్రకారం వేరుచేస్తాను. మెకంజీ దొర సేకరింపజేసిన ఊళ్ల చరిత్రల్లో, అంటే కైఫీయత్తుల్లో, ఇంకా చదవవలసిన ఊళ్ల జాబితా రాసుకుంటాను. విషయసూచికలో నాలుగో అధ్యాయాన్ని రెండో స్థానానికి మారుస్తాను. భోజనానికి లేచేసరికి చాలా పని చేసిన తృప్తి ఉంటుంది. కంప్యూటరులో మొదటి అధ్యాయం తెరిచి చూస్తే మాత్రం, పోరుమామిళ్ల చెరువును గురించిన తొలి పేరాలో, ‘ఈ శాసనం’ అన్న రెండు మాటల దగ్గర వాక్యం ఆగిపోయి ఉంటుంది.

నేను అడగదలచినది రెండు విషయాలు. నిజంగా సమయం చాలకపోవడానికీ, చిన్న పనుల చాటున పెద్ద పనిని తప్పించుకోవడానికీ మధ్య తేడాను మనంతట మనం ఎలా గుర్తుపట్టాలి? ఉద్యోగం, ఇల్లు ఉంచుకొనే సొంత పనిని ముందుకు నడిపినవారు దాన్ని ఎలా నడిపారు? తెల్లవారుజామున నాలుగింటికి లేవమన్న సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చారు కాబట్టి, దయచేసి అది కాక మరేదైనా చెప్పండి.


జవాబు
విశ్రాంత ఇంజినీరు, కర్నూలు

అమ్మా, నమస్కారం. నీటిపారుదల శాఖలో చిన్న చెరువుల విభాగంలో పనిచేసి విరమించినవాణ్ని కాబట్టి మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీ వాక్యం ఆగిపోయిన చోటునే పట్టుకొని మాట్లాడతాను.

పోరుమామిళ్ల శాసనం శక సంవత్సరం 1291 నాటిది, అంటే క్రీస్తు శకం 1369. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించాడు. రోజుకు వెయ్యిమంది మనుషులు, రాతిపనికి వంద బండ్లు, రెండేళ్ల కాలం పట్టినట్లు అందులో ఉంది. అంతకంటే విలువైన సంగతి ఏమిటంటే, మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ ఆ శాసనం వరుసగా చెబుతుంది. గట్టి బంకనేల, దూరం నుంచి తీయని నీళ్లు తెచ్చే నది, కట్టకు రెండు పక్కలా ఆనుకొనే కొండలు, మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, దగ్గరలో మంచి రాతి గని, పని తెలిసిన మనుషులు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, ఇవన్నీ ఆ అంగాల్లో ఉన్నాయి. దోషాల విషయానికి వస్తే కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మెరక, కొద్దిపాటి నీటికి విస్తారమైన ఆయకట్టు, విస్తారమైన నీటికి కొద్దిపాటి ఆయకట్టు అని చెప్పారు.

మీ పుస్తకానికి పట్టిన దోషం అయిదవది. రాయలసీమ చెరువులన్నీ అన్నారు. మీ దగ్గర ఉన్న సమయమేమో వారానికి ఒక పూట. కొద్దిపాటి నీటిని అంత విస్తారమైన ఆయకట్టుకు వదిలితే ఏ మడీ తడవదు. పని ఆ స్థాయిలో ఉన్నంతకాలం మీరు ఎక్కడ మొదలుపెట్టినా అది సముద్రంలో కాకిరెట్టలాగే ఉంటుంది కాబట్టి, ఫోటోలు సర్దడమే మనసుకు హాయిగా అనిపిస్తుంది. ఫోటోలు సర్దడం ఒక పూటలో అయిపోతుంది. రాయలసీమ చెరువుల చరిత్ర ఏ పూటకూ అయిపోదు.

కాబట్టి ఒక్క చెరువును తీసుకోండి. పోరుమామిళ్ల చెరువు చాలు. దానికి చిన్న పుస్తకం రాయండి. అది అచ్చయిన తరువాత రెండో చెరువు సంగతి చూడవచ్చు.

ఉద్యోగంలో ఉండగా నేను గమనించినది ఒకటి చెబుతాను. పైనుంచి ఎవరైనా అడుగుతున్న ఫైలు అదే రోజు కదిలేది. మండలం సమావేశానికి ఇవ్వవలసిన నివేదికను మధ్యాహ్నానికి తయారుచేసేవాళ్లం. అదే సమయంలో ఒక ఊరి చెరువు తూము దగ్గర నీరు ఊరుతున్నదని అందరికీ తెలిసి ఉండేది. ఆ ఊరివారు గొంతెత్తి అడిగేవారు కారు కాబట్టి అంచనాల దగ్గరే ఆ పని ఏళ్ల తరబడి ఉండేది. ఏది ముఖ్యమో తెలియక అలా జరిగిందని నేను అనుకోను. అడిగేవాడున్న పని ముందుకు పోతుంది, అడిగేవాడు లేని పని ఎంత ముఖ్యమైనదైనా వెనకబడుతుంది. మీ పుస్తకాన్ని అడిగేవారు ఈ రోజుకు ఎవరూ లేరు. అడిగేవారు ఒకరుండేలా ఏర్పాటు చేసుకోవాలి.

ఇంకొక మాట కూడా ఉంది. కైఫీయత్తులు, 1875లో గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్, పాత శాసన సంపుటాలు, ఇవన్నీ చదవదగినవే. అయితే చదవవలసినది ఎప్పటికీ పూర్తికాదు, చూడడానికి మాత్రం పుస్తకం పనిలాగే ఉంటుంది. ఒక అధ్యాయం రాసేటప్పుడు తగిలిన సందేహానికి సరిపడా మాత్రమే చదవడం మంచిదని నా అభిప్రాయం.


జవాబు
మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు, అనంతపురం

ఇంజినీరు గారు తమ అనుభవంతో చెప్పినదానికి పరిశోధనలో కూడా ఆధారం ఉంది. మెంగ్ ఝు, మరి ఇద్దరు పరిశోధకులు కలిసి 2018లో జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రీసెర్చ్‌లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఎక్కువ ప్రతిఫలం ఉన్న పనినీ, తక్కువ ప్రతిఫలం ఉండి గడువు మాత్రం దగ్గరలో ఉన్నట్లు కనిపించే పనినీ పక్కపక్కన పెట్టారు. చాలామంది నష్టపోతామని తెలిసే వీలున్నా రెండోదాన్నే ఎంచుకున్నారు. తమకు తీరిక లేదని భావించేవారిలో ఈ మొగ్గు మరింత ఎక్కువగా కనిపించింది. అంటే చేతినిండా పని ఉన్న మనిషి దృష్టి గడువు మీదికే పోతుంది, ఆ పని వల్ల చివరికి ఏం ఒనగూరుతుందన్న ఆలోచన వెనక్కి జరుగుతుంది. ఎంచుకునే క్షణంలోనే ప్రతిఫలాన్ని గుర్తుచేసినప్పుడు ఆ మొగ్గు తగ్గిందని కూడా వారు చూపారు.

పంతులమ్మ గారి మొదటి ప్రశ్నకు ఈ ఒక్క కారణం చాలదు. ఆదివారం ఉదయం వారి ముందు గడువున్న పని ఏదీ లేదు, అయినా వాక్యం ముందుకు సాగలేదు. అక్కడ పనిచేస్తున్నది మరొకటి. వాయిదా వేయడాన్ని సమయపాలనకు సంబంధించిన లోపంగా చూడడం మనకు అలవాటు. ఫ్యూషియా సిరోయ్, టిమతీ పిచిల్ 2013లో రాసిన వ్యాసంలో దీన్ని ప్రధానంగా మనసును అప్పటికప్పుడు కుదుటపరచుకొనే ప్రయత్నంగా వివరించారు. పని తలుచుకోగానే కలిగే బెరుకు, అనుమానం, విసుగు నుంచి తక్షణం ఉపశమనం కావాలి. ఆ పనికి దగ్గరగా ఉండి, తేలికగా పూర్తయ్యే మరో పని చేస్తే ఉపశమనమూ దొరుకుతుంది, బద్ధకస్తులమన్న భావనా ఉండదు. ఏమీ చేయకుండా కూర్చున్న మనిషికి సాయంత్రానికైనా మనసులో పొడుచుకుంటుంది. విషయసూచిక సర్దిన మనిషికి ఆ బాధ కూడా కలగదు. అందుకే ఈ రకం వాయిదా ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా సాగుతుంది.

తేడా గుర్తుపట్టడానికి నేను విద్యార్థులకు చెప్పే పద్ధతి ఒకటుంది. అనుకోకుండా ఒక పూట ఖాళీ దొరికినప్పుడు మనసు ఏం చేస్తుందో గమనించమంటాను. ఆ పూట నేరుగా సొంత పనిలోకి వెళ్లిపోతే, అడ్డు నిజంగా సమయమే. ఖాళీ దొరకగానే ఒక రకమైన కంగారు కలిగి, ఎవరికైనా ఫోను చేసి ఏదైనా పని ఉందేమో కనుక్కోవాలనిపిస్తే, అల్మరా సర్దాలనిపిస్తే, అడ్డు పనిలోనే ఉంది. చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి, కాబట్టి ఏదో ఒకటే అని తేల్చుకోవలసిన పని లేదు.

‘ఈ శాసనం’ దగ్గర ఆగిన వాక్యం గురించి ఒక మాట చెబుతాను. మీ మనసులో ఉన్న పుస్తకం చాలా గొప్పది. రాసిన మొదటి వాక్యం దానికి సాటి రాదు, ఏ మొదటి వాక్యమూ రాదు. ఆ తేడాను కళ్లారా చూడడం కష్టం. రాయనంతకాలం ఆ పుస్తకానికి ఏ లోపమూ అంటదు. అందువల్ల మొదటి ప్రతి పాఠకుల కోసం కాదని ముందే నిర్ణయించుకొని, మీ బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పినట్లుగా రాసుకుంటూ పోవడం మేలు. భాష తర్వాత దిద్దుకోవచ్చు.

చేయదగినది ఒకటి చెప్పి ముగిస్తాను. పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించిన పద్ధతి ఇది. ‘పుస్తకం రాస్తాను’ అన్న సంకల్పానికి బదులు ‘ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తాను’ అని ముందే కట్టుకోవాలి. ఉదాహరణకు, ‘శనివారం బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే ఆ ఫైలు తెరిచి, ఆగిన వాక్యాన్ని ఎలా ఉన్నా సరే పూర్తిచేస్తాను’ అనుకోండి. అలాగే ‘ఎవరైనా కొత్త పని అప్పగించబోతే, చూసుకొని సోమవారం చెబుతాను అంటాను’ అనుకోండి. ఆ క్షణంలో ఆలోచించి నిర్ణయించుకోవలసి వస్తే గడువున్న పనే గెలుస్తుంది. నిర్ణయం ముందే జరిగి ఉండాలి.


జవాబు
మగ్గం ఇంటి కోడలు, ధర్మవరం

అక్కా, పెద్దలిద్దరూ చెప్పినది శ్రద్ధగా చదివాను, చాలా నేర్చుకున్నాను. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరుగా ఉంది, చెప్పనివ్వండి.

ఇంటి పనులను, నలుగురికి చేసిపెట్టే పనులను ‘చిన్న పనులు’ అనేయడం నాకు సరిగా అనిపించలేదు. మా అత్తగారికి వేళకు మాత్ర వేయడం చిన్న పని అని నేను అనలేను. చీర నేసి కూలి తెచ్చుకోకపోతే నెల గడవదు. ఆడవాళ్లు సొంత పని వాయిదా వేస్తున్నారంటే, దానికి వాళ్ల మనసులోని భయాన్ని కారణంగా చూపించడానికి ముందు, వాళ్లు చేస్తున్న పనుల్లో ఎన్నింటిని ఇంట్లో వేరొకరు చేయవచ్చో అడగాలి. ఆ మాట అడగకుండా వాక్యం పూర్తిచేయమంటే, నిద్ర తగ్గించుకొని పూర్తిచేయవలసిందే.

నేను చేసిన పని ఏమిటంటే, చేస్తున్నవన్నీ మూడు రకాలుగా విడదీసి చూసుకున్నాను. నేను ఆపితే ఒకరికి నష్టం కలిగేవి మొదటివి. నేనే చేయనక్కర లేకుండా ఇంట్లో ఎవరైనా చేయగలిగినవి రెండోవి. నాకున్న మంచిపేరు వల్ల నా దగ్గరికి వచ్చి, ఆ పేరు నిలుపుకోవడానికి నేను పట్టుకున్నవి మూడోవి. మొదటివాటిని ముట్టుకోలేదు. రెండోవాటి గురించి ఇంట్లో కూర్చొని మాట్లాడవలసి వచ్చింది, అది ఒక్క రోజులో తేలలేదు. మూడోవాటిని వదలడమే అన్నిటికంటే కష్టమైంది. ‘ఆమె అయితే బాగా చేస్తుంది’ అన్న మాట వినడం ఎవరికైనా బాగుంటుంది, మనకు మనం చేసుకునే పనికి ఆ మాట అనేవారు మొదట్లో ఎవరూ ఉండరు.

నా కోరిక చెబుతాను. లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో లతామంటపం స్తంభాల మీద చెక్కిన అల్లికలను చూసినప్పటి నుంచి, వాటిలో ఒకదాన్ని అంచుగా, మరొకదాన్ని బుటాగా పెట్టి నా సొంత డిజైను చీర నేయాలని ఉంది. ఆ స్తంభాల మీది డిజైన్లు చీరల్లోకి రావడం కొత్త కాదు. నాకు కావలసినది నేను ఏరుకొని, నేను గీసినది. మాకు యజమాని ఇచ్చిన డిజైనే నేస్తాం, మగ్గం మీద డిజైనును నడిపించే రంధ్రాల జకాడ్ అట్టలు ఆయనవే. డిజైను మార్చాలంటే గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడి నింపి, ఏ వరుసలో ఏ పోగు లేవాలో తేల్చి, దాని ప్రకారం అట్టలు కొట్టించాలి. రోజూ రాత్రి గీయాలని అనుకున్నంతకాలం అది సాగలేదు. మగ్గం మీద ఒక వార్పు, అంటే పడుగు, అయిపోయి, కొత్త వార్పు పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా అతికే రోజున నేత ఎలాగూ ఆగుతుంది. ఆ రోజును డిజైనుకు పెట్టుకున్నాను. ఇంతకుముందు అదే రోజున ఇల్లంతా కడిగి, డబ్బాలన్నీ తోమేదాన్ని. ఇప్పుడు అంచు గీయడం పూర్తయింది, బుటా సగం వరకు వచ్చింది. కొంగు ఏం చేయాలో ఇంకా తెలియలేదు.

మీకు కూడా నెలలో అటువంటి రోజు ఒకటి ఉంటుంది అక్కా. కొత్తగా సమయం పుట్టించుకోవడం కంటే, ఉన్న విరామాల్లో ఒకదాన్ని ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకోవడం తేలిక.


రేనాటి పంతులమ్మ, కడప

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంజినీరు గారూ, ఒక్క చెరువుకే పరిమితం కావడమన్న ఆలోచన మొదట నిరుత్సాహంగా అనిపించినా, రాత్రి కాగితం మీద పెట్టి చూస్తే ఒక్క పోరుమామిళ్ల చెరువుకే శాసనం, కట్ట, తూములు, ఆయకట్టు ఊళ్లు, ఇప్పటి పరిస్థితి అని చెప్పవలసినది చాలా ఉందని తెలిసింది.

చెల్లెలు చెప్పిన మూడు రకాల లెక్క నాకు బాగా ఉపయోగపడింది. కాలనీ సంఘం జమాఖర్చులు ఖచ్చితంగా మూడో రకానివి. ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం లెక్కలు మొదలయ్యే ముందు వాటిని మరొకరికి అప్పగిస్తానని కార్యదర్శి గారికి ఈ ఉదయమే చెప్పాను. ఆయన కొంచెం నొచ్చుకున్నారు. పెళ్లి జాబితాలు మా ఇంట్లో మగవాళ్లు కూడా రాయగలరు కాబట్టి వాటిని రెండో రకంలో వేశాను.

సన్మాన పత్రాల విషయంలో మాత్రం నాకు వేరే ఆలోచన వచ్చింది. ముప్పై ఏళ్లు బడిలో పనిచేసిన ఒక మనిషి గురించి రెండు పేజీలు రాయాలంటే, ఆయన శిష్యులతో మాట్లాడి, ఎవరికీ తెలియని ఒక సంగతి పట్టుకొని, సభలో అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. చెరువు పక్క ఊళ్లలో పెద్దవాళ్లతో మాట్లాడి రాయడానికి కావలసినది కూడా అదే నేర్పు. కాబట్టి వాటిని పూర్తిగా మానను. ఒక పత్రం రాసిన వారం పుస్తకంలో కూడా ఒక పేజీ రాయాలన్న షరతు పెట్టుకుంటాను. అధ్యాపకుల వారు చెప్పిన ‘సందర్భం రాగానే’ అన్న పద్ధతిని ఇక్కడ వాడుకోవచ్చని అనుకుంటున్నాను.

నాకు ఇంకా తేలనిది ఒక్కటే. పుస్తకాన్ని అడిగేవారు ఉండాలన్నారు. అలాంటివారిని ఎక్కడ వెతకాలి? ఇంట్లోవారిని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. పండితులకు చూపడానికి ఇంకా ఏమీ లేదు.


జవాబు
యర్రముక్కపల్లి పాఠకుడు, కడప

మేడం, మన ఊళ్లోనే మీ ప్రశ్నకు ఒక జవాబుంది. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చేనాటికి ఆయన కంపెనీ ప్రభుత్వంలో చిన్న ఉద్యోగి. పన్ను వసూళ్లు, కచేరీ వ్యవహారాలు ఆయనకూ ఊపిరి సలపనిచ్చేవి కావు. తెలుగు వ్రాతప్రతులు సేకరించడం, పాఠాలు పోల్చి శుద్ధప్రతులు తయారుచేయించడం ఎవరూ అప్పగించిన పని కాదు. ఆయన ఇక్కడ ఒక బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను, లేఖకులను నియమించి అక్కడ కూర్చోబెట్టాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. మధ్యలో ఎన్ని బదిలీలు జరిగినా పని ఆగలేదు.

బ్రౌన్ పట్టుదల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు గానీ, నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఆ బంగళాలో కూర్చున్న పండితులకు. కచేరీ నుంచి తిరిగివచ్చేసరికి, శుద్ధప్రతి చేతిలో పెట్టుకొని పాఠాంతరం గురించి అడగడానికి మనుషులు ఎదురుచూస్తుంటే, ఆ పనిని రేపటికి నెట్టడం అంత తేలిక కాదు. ఆయన తన కోరికకు మనుషులను కాపలా పెట్టుకున్నాడని నా ఉద్దేశం. ధర్మవరం అమ్మ చెప్పిన మాటను కూడా ఇక్కడ మరిచిపోకూడదు. దొరగారికి జీతం ఉంది, వంట చేసిపెట్టే నౌకర్లున్నారు. అందువల్ల ఆయన సాధించినంత మీరూ సాధించాలని ఎవరూ అనకూడదు. ఆయన ఏర్పాటు చేసుకున్న పద్ధతిని మాత్రం డబ్బు లేకుండా కూడా అనుసరించవచ్చు.

ఆ బంగళా ఉన్న చోటనే ఈ రోజు బ్రౌన్ పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయంటే దానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి కృషి ప్రధాన కారణం. 1926లో రాయదుర్గంలో పుట్టి, అధ్యాపకుడిగా పనిచేసి, తరువాతి జీవితమంతా ఈ గ్రంథాలయానికి పెట్టిన మనిషి. ఆయన కూడా ఉద్యోగమూ సంసారమూ ఉన్నవాడే. ఒక్కడే కూర్చొని చేసిన పనిగా ఆయన దాన్ని ఎన్నడూ నడపలేదు, ఊరిలో నలుగురినీ ట్రస్టులోకి, విరాళాల్లోకి, పుస్తకాల సేకరణలోకి లాగాడు.

కాబట్టి పండితుల కోసం మీరు ఇప్పుడే వెతకనక్కర లేదు. పుస్తకం మీద నిజంగా ఆసక్తి ఉన్న ఇద్దరు చాలు. మేము కొంతమందిమి నెలలో ఒక ఆదివారం కలిసి, రాసుకున్నది చదువుకుంటాం. మెచ్చుకోవడం మా పద్ధతి కాదు. వినేవాడికి ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ ఇంకా తెలుసుకోవాలనిపించిందో అంతవరకే చెబుతాం. పేజీ సగంలో ఆగినా పట్టుకొని రావచ్చు, ఖాళీ చేతులతో మాత్రం రాకూడదన్నది ఒక్కటే నియమం. మీరు వస్తే చెరువుల గురించి వినాలని ఎదురుచూసేవారు మాలో ఇద్దరున్నారు, వారిలో ఒకరిది పోరుమామిళ్ల వైపే.


మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు, అనంతపురం

ధర్మవరం సోదరి చెప్పిన సవరణను పూర్తిగా అంగీకరిస్తున్నాను. వాయిదాను గురించిన చర్చ మనిషి మనసు దగ్గరే ఆగిపోతే, ఇంటిలో పని పంపకం అన్న ముఖ్యమైన భాగం కనబడకుండా పోతుంది. నా తరగతిలో కూడా ఈ విషయాన్ని ఇకపై ముందుగా చెబుతాను.

సంఘం కార్యదర్శి గారు నొచ్చుకున్నారని రాశారు. ఆ చిన్న నొప్పిని రెండు మూడు వారాలు భరించండి. చాలామంది అక్కడే మెత్తబడి వదిలిన పనిని మళ్లీ నెత్తికెత్తుకుంటారు. వదిలిన సమయానికి వెంటనే సొంత పని పేరు పెట్టకపోతే అందులోకి ఇంకొకరి పని వస్తుంది.


విశ్రాంత ఇంజినీరు, కర్నూలు

అమ్మా, నెలకొక ఆదివారం వినేవారు దొరికారు కాబట్టి సగం ఇబ్బంది తీరినట్లే. చెరువు దగ్గర చేయవలసిన పని గురించి నాకు తోచినది చెబుతాను.

నీళ్లు నిండుగా ఉన్నప్పుడు చెరువు చూడడానికి బాగుంటుంది, తెలుసుకోవడానికి మాత్రం ఏమీ దొరకదు. శివరాత్రి దాటాక నీటిమట్టం తగ్గి తూము రాళ్లు, కట్ట లోపలి వైపు రాతి వరుసలు బయటపడతాయి. అప్పుడు వెళ్లండి. కట్ట పొడవు, పైన వెడల్పు, మరవ వెడల్పు టేపుతో కొలవడానికి ఒక మనిషి తోడుంటే ఒక పూట సరిపోతుంది. తూములు ఎన్ని, ఒక్కొక్క తూము కింద ఏ ఊరి పొలం పారుతుంది, పూడిక ఎక్కడ ఎక్కువగా ఉంది అన్నవి ఆయకట్టు రైతులను అడిగితే కాగితాలకంటే నమ్మకంగా చెబుతారు. వాళ్లు వాడే మాటలను ఉన్నవి ఉన్నట్లుగా రాసుకోండి, అక్కడే దిద్దవద్దు. శాసనంలో చెప్పిన పన్నెండు అంగాల్లో ఎన్ని ఇప్పటికీ ఆ స్థలంలో కంటికి కనిపిస్తాయో ఒక్కొక్కటిగా సరిచూస్తే, మీ మొదటి అధ్యాయానికి వరుస దానంతట అదే దొరుకుతుంది.

నాకు ప్రయాణాలు ఇప్పుడు కష్టమే గానీ కాగితం చదవడానికి ఇబ్బంది లేదు. కొలతలూ, కట్ట నిర్మాణం గురించిన పేరాలూ రాసిన వెంటనే, శుద్ధప్రతి కాకముందే, నాకు పంపండి. లెక్కల్లో తేడాలుంటే గుర్తుపెట్టి వారంలోగా తిప్పి పంపుతాను. వేసవి సెలవులు మొదలయ్యేలోపు ఆ అధ్యాయం నా దగ్గరికి రాకపోతే నేనే గుర్తుచేస్తాను.